నాలుగు లైన్లే కదా అనే మహానుభావులకు

2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ కూడా ముక్కలైంది. శాప్‌లో కొత్త జిల్లా కోడ్లు చేర్చాల్సొచ్చింది. "నాలుగు లైన్లకి ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్టా? క్లయింట్ ఓపెన్ చేసి ప్రొడక్షన్‌లోనే కొట్టేద్దాం" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

సరే, కొట్టేశారు. ప్రొడక్షన్‌లో 32 అంటే నిర్మల్ అనుకోండి. ఆ సంగతి తెలీని ఇంకో పుణ్యాత్ముడు డెవలప్‌మెంట్‌లో అదే 32కి జగిత్యాల పెట్టి ట్రాన్స్‌పోర్ట్ పంపిస్తాడు. కీ ఒకటే కాబట్టి పాత లైను మీద కొత్తది కూర్చుంటుంది. ఎర్రర్ గిర్రర్ ఏమీ రాదు. కస్టమర్ మాస్టర్‌లో ఉండేది కోడే, పేరు కాదు. భైంసా డీలరు రాత్రికి రాత్రి జగిత్యాల వాడైపోతాడు!

"క్వాలిటీలో టెస్ట్ చేశాం సార్, బాగానే ఉంది" అంటారు పైగా. ఉండదా మరి? అక్కడ నిర్మలే లేదు!

2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చాయి. మళ్ళీ అదే పాట: "రెండు లైన్లే కదా సార్!"