జల్లెడ పట్టే బడి మనకొద్దు

జూన్ 12న బడి తెరుస్తారు. పుస్తకాల కట్టలు విప్పకముందే మన గూడెం బడుల్లో ఒక జాబితా తయారవుతుంది. ఎవరు చురుకు, ఎవరు మొద్దు అని. చురుకైన నలుగురికి సాయంత్రం ప్రత్యేక తరగతులు, మోడల్ పేపర్లు. మిగతా వాళ్లకు పలక, వరండా. తెలంగాణ గురుకులాల్లో 5వ తరగతి సీటుకు 4వ తరగతి పిల్లలే పరీక్ష రాయాలి. నవోదయకు, ఏకలవ్యకు 5వ తరగతిలో రాయాలి. తొమ్మిదేళ్లకే జల్లెడ పట్టి, దానికి ప్రతిభను వెలికితీయడం అని పేరు పెట్టారు.

ఎవరి కొలతతో ప్రతిభ? గోండీలో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. నీళ్ల గ్లాసు బొమ్మ కింద ‘ఏరు’ అని రాసిన గోండు పిల్లకు సున్నా పడుతుంది. ఆ పిల్ల రెండో భాషలోకి అడుగుపెడుతోంది. సున్నా వేసిన సారుకు చాలాసార్లు వచ్చింది ఒక్కటే భాష. ఇద్దరిలో మొద్దు ఎవరు?

సంతలో చూడండి. మానికకు నాలుగు సోలలు. అమ్మ మూడు మానికల ఇప్పపువ్వు కొలిస్తే ఎంత రావాలో పిల్ల నోటితోనే చెబుతుంది. అదే లెక్క ‘ఒక వ్యాపారి వద్ద’ అని పుస్తకం తెలుగులో మొదలయితే తెల్లమొహం వేస్తుంది. ఆ పిల్లకు లెక్క వచ్చు, రానిది ప్రశ్న భాష.

ఇది కొత్త సంగతేమీ కాదు. కుమ్రం భీం 1940లో నేలకొరిగాక గోండుల గోడు నిజాం సర్కారు వినక తప్పలేదు. హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు అచ్చయ్యాయి. ముందు పంతులుకు పిల్లల భాష రావాలి, ఆ తర్వాతే పాఠం. అక్కడ ఎవరినీ జల్లెడ పట్టలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 ఆదివాసీ భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టారు. రాజ్యాంగం 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య అందించమంటోంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచర్లంతా ఆదివాసీలే ఉండాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. భాష తెలిసిన పంతులు దక్కే దారి అలా ఇరుకైంది. పరీక్ష మాత్రం అలాగే ఉంది!

గురుకులాలు వద్దని నేననడం లేదు. అక్కడ చదివి ఎదిగిన వాళ్లు మనలో ఎందరో ఉన్నారు, ఈ పుస్తకం చదివే వాళ్లలోనూ ఉంటారు. మా పిల్ల బాగుపడొద్దా అని తల్లి అడిగితే కాదనే హక్కు ఎవరికీ లేదు. అడగాల్సింది వేరే. నలుగురు వెళ్లిపోయాక మిగిలిన పద్నాలుగు మంది సంగతేంటి? పిల్లలు తగ్గారు, బడి కలిపేస్తామంటారు. వాగు దాటి పక్క ఊరి బడికి నడవాల్సింది ఆ మొద్దులనిపించుకున్న పిల్లలే. వానాకాలంలో నడవరు. మేకల వెంట పోతారు.

టీచర్లూ, ఈ జూన్‌లో జాబితా రాయకండి. మొదటి నెల అందరికీ ఒకే ప్రత్యేక తరగతి పెట్టండి, వాళ్ల భాషలో. చెట్ల పేర్లు పిల్లల్ని చెప్పమనండి, మీరు రాసుకోండి. విత్తనాల గురించి చెప్పడానికి ముసలవ్వను పిలవండి. జీసీసీ డిపో తూకం, ధర బోర్డు మీద వేసి లెక్క చేయించండి. ఇదంతా చురుకైన వాళ్లకే ఎందుకు?

డిగ్రీలు చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు గ్రామసభకు వెళ్లండి. మన బడి నుంచి ఎందరికి సీటొచ్చిందని ఎప్పుడూ అడుగుతాం. ఈసారి సీటు రాని పిల్లలెందరు, వాళ్లలో ఎందరు చదవగలరు, ఏ భాషలో అని అడగండి. జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి.