ఆరు గంటల్లో పొరుగువారు చేయవలసిన ఫోను
వీధిలో అందరికీ తలలో నాలుకలా మెలిగిన మనిషి హఠాత్తుగా చనిపోతే ఇంట్లోవాళ్లకు ఏం చేయాలో తోచదు. ఇరుగుపొరుగువారు, స్నేహితులే పనులు భుజాన వేసుకుంటారు. బంధువులకు కబురు పెట్టడం, శామియానా, కుర్చీలు తెప్పించడం, ఫ్రీజర్ పెట్టెకు చెప్పడం, డాక్టరును పిలిపించి మరణాన్ని ధ్రువీకరించుకోవడం వారి వంతే. ఈ పనుల్లో నేత్రనిధికి ఫోను చేయడం కూడా చేరాలి, అదీ అన్నిటికంటే ముందు వరుసలో.

తొందరపడవలసింది గడువు వల్లే. చనిపోయాక దాదాపు ఆరు గంటల్లోపు కార్నియాను సేకరించాలి. కార్నియా అంటే నల్లగుడ్డు మీద ఉండే పలుచని పారదర్శకమైన పొర. పొలం పనిలో వడ్లగింజ తగిలో, పుండు పడో అది తెల్లబడితే కంట్లో పువ్వు వేసిందంటారు. బాగా ముదిరిన మచ్చకు మందు పనిచేయదు. చనిపోయినవారి నుంచి తీసిన కార్నియాను అమర్చడమే చాలామందికి మిగిలే దారి. ఇది కొత్త వైద్యమేమీ కాదు. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు ఈ శస్త్రచికిత్సను విజయవంతంగా చేశాడు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 1989 నుంచి నేత్రనిధి నడుస్తోంది. ఒక్కరి దానంతో ఇద్దరికి చూపు వచ్చే అవకాశం ఉంది.

ఇంత మేలు చాలా ఇళ్లలో జరగకుండా పోయేది ఎవరో వద్దన్నందుకు కాదు, వేళకు ఎవరూ అడగనందుకు. భార్యాపిల్లలు ఏడుస్తుంటే ఆ మాట ఎత్తడానికి నోరు రాదు. అందుకే అడిగే బాధ్యతను కాలనీ సంఘమో, అపార్ట్‌మెంట్ సంఘమో, గ్రామ యువజన సంఘమో ముందుగానే ఇద్దరు ముగ్గురికి అప్పగించాలి. వారు ఆ కుటుంబంతో చనువున్నవారై ఉండాలి. దుఃఖంలో మునిగినవారిని నేరుగా కదిలించకుండా, కాస్త నిబ్బరంగా ఉన్న బాబాయినో బావమరిదినో పక్కకు పిలిచి అడగాలి. “మీరందరూ సరేనంటే ఫోను నేను చేస్తాను” అన్న ఒక్క మాట చాలు. ఇంటివారు వద్దంటే ఆ ప్రస్తావన అంతటితో వదిలేయాలి. మరణించినవారు ప్రతిజ్ఞాపత్రం రాసి ఉండకపోయినా దగ్గరి బంధువుల సమ్మతితో దానం జరుగుతుంది. రాసి ఉన్నా సమ్మతి అడిగే తీసుకుంటారు.

ఇళ్లలో వచ్చే సందేహాలకు జవాబులు తెలిసి ఉండాలి. ముఖం వికారం కాదు, దూరం నుంచి వచ్చేవారి చివరిచూపుకు ఆటంకం ఉండదు. నేత్రనిధి సిబ్బంది ఇంటికే వస్తారు. పని అరగంటలో ముగుస్తుంది. పరీక్షకు కొంచెం రక్తం తీసుకుంటారు. వృద్ధాప్యం, కళ్లద్దాలు, శుక్లాల ఆపరేషన్, షుగరు, బీపీ అడ్డంకులు కావు. హెచ్‌ఐవి, హెపటైటిస్, రేబిస్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు. ఇంటివారు పైసా ఇవ్వనక్కరలేదు. అవయవాలను, కణజాలాన్ని అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. కళ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డివారవుతారన్న భయం ఇంకా కొందరిలో ఉంది. శివుడికి కన్నిచ్చిన కన్నప్పను శ్రీకాళహస్తిలో పూజించే ప్రజలకు ఆ భయం తగదు.

ఫోను చేసిన వెంటనే కనురెప్పలు మూసి, వాటిపై తడి దూది ఉంచాలి. తల కింద దిండు పెట్టి ఎత్తు చేయాలి. ఫ్యాను ఆపాలి, ఏసీ ఉంటే వేయవచ్చు. ప్రమాదం వల్లో, అనుమానాస్పదంగానో జరిగిన మరణమైతే పోలీసుల అనుమతి కావాలి కనుక ఆ సంగతి ఫోనులోనే చెప్పాలి.

సంతాప సభ పెట్టడానికి, కూడలిలో ఫ్లెక్సీ కట్టడానికి తర్వాత ఎంతైనా వ్యవధి ఉంటుంది. అలా సభ జరిగిన చోట, పోయినవారి మంచితనాన్ని తలుచుకున్నాక, ఈ బాధ్యత తీసుకునేవారి పేర్లను అక్కడే ఖరారు చేయాలి. దగ్గరి నేత్రనిధి నంబరును వారి పేర్లతో పాటు సంఘం నోటీసు బోర్డు మీద, పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించాలి.