ముందు బ్రేకులు, తర్వాత టర్బో

ఈసారి వంటింటి కబుర్లు కాదు, గరాజ్ కబుర్లు. టెక్సాస్‌కి వచ్చాక మావారికి పాత పికప్‌ల పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు ఆయన కన్ను 1966 షెవర్లే సీ-10 మీద. దాని పెట్రోలు ఇంజన్ తీసేసి కమిన్స్ 4బీటీ డీజిల్ పెట్టాలట. బ్రెడ్డు, చిప్స్ పంచే వ్యాన్లలో తిరిగిన నాలుగు సిలిండర్ల, 3.9 లీటర్ల ఇంజనది. మెకానికల్ పంపు కాబట్టి కంప్యూటర్ గొడవ లేదు. పాత బండ్లవాళ్లకి అదంటే ప్రాణం.

బీయస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, నాకూ ఆసక్తే. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సైకిల్ పంపు కొడితే వేడెక్కుతుంది చూడండి, అలా గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇక టర్బో, పొగగొట్టంలోంచి ఊరికే పోయే వాయువుతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజన్‌లోకి మరింత గాలి తోస్తుంది. వార్చిన గంజిని పారబోయకుండా వాడుకున్నట్టే!

కానీ ఆ ఇంజన్ మూడొందల కిలోల పైమాటే. ముందు స్ప్రింగులు మార్చాలి. నా అసలు భయం బ్రేకులది. ఆ ఏడాది బండికి నాలుగూ డ్రమ్ బ్రేకులే, మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడ పైపు కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. షెవర్లే పికప్‌లకి ముందు డిస్కులు మామూలుగా వచ్చింది 1971 నుంచి. మా పాపేమో నాన్న పక్కన కూర్చుంటానని ఇప్పట్నుంచే పేచీ.

"ఏవండీ, ముందు డిస్కులు, రెండు గదుల సిలిండర్, సీటు బెల్టులు. ఆ బిల్లు చూశాకే ఇంజన్ మాట" అన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఆదివారానికి బ్రేకు కిట్ల ధరలు రాసిన కాగితం ఫ్రిజ్ మీద కనబడింది.