పొగ లెక్క తప్పిందెక్కడ?

కిందటి సంచికలో లాకరు నామినేషన్ గురించి రాస్తూ, ఈసారి వీలునామా సంగతి చెప్తానని మాట ఇచ్చాను. పాఠకులు మన్నించాలి. మధ్యలో మా అక్కయ్య కారు అడ్డం వచ్చింది.

అక్కయ్య ఉండేది హొసకోటెలో. 2019లో బావగారు పోయాక, ఆయన 2008లో కొన్న మారుతి 800కి ముసుగు కప్పేస్తుందనుకున్నాం. ఆవిడ వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరింది! ఇప్పుడు కూరగాయలకీ, అవిముక్తేశ్వరస్వామి గుడికీ, కె.ఆర్.పురంలో కళ్ల డాక్టరు దగ్గరికీ తనే నడుపుకుంటూ పోతుంది. వీధిలో మరో ఇద్దరు పెద్దవాళ్లకి కూడా ఆ కారే దిక్కు. 2023లో పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ కూడా పొడిగించుకుంది.

అటువంటి కారు ఆరునెలల ఎమిషన్ టెస్టులో తప్పింది. హైదరాబాదులో ఉన్న మేనల్లుడు ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు. "మామయ్యా, తుక్కుకి ఇచ్చేయమను. క్యాబుల్లో తిరగమను." అక్కయ్య నాతో అన్నది ఒక్కటే మాట. "వాడు చెప్పింది సరేలేరా, ముందు దానికి ఏమైందో తెలుసుకోవద్దూ?"

ఆదివారం వెళ్లాను. స్లిప్పు మీద రెండు అంకెలున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ 1.4 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లలో 820. భారత్ స్టేజ్ 2, 3 ప్రమాణాల పెట్రోలు కార్లకి, ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు మొదటిది 0.5, రెండోది 750 దాటకూడదు. "నా వెనకాల వచ్చిన పాత ఫియట్‌కి కళ్లు మండేంత పొగొస్తుంటే దాన్నెలా పాస్ చేశారు?" అని అక్కయ్య ఫిర్యాదు. ఆ స్టేజీలు రాకముందు తయారైన కార్లకి హద్దులు వేరు: 3 శాతం, 1500. బెంగళూరుకి స్టేజ్ 2 వచ్చింది 2003లో, స్టేజ్ 3 వచ్చింది 2005లో. పైగా కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించదు, ముక్కుకి తెలియదు. కనిపించే పొగని బట్టి ఈ లెక్క తేలదు.

మేం మాట్లాడుకుంటుంటే టెస్టు చేసే కుర్రాడు పక్కకి వచ్చి, ఇంకో కారు సైలెన్సర్లో గొట్టం పెట్టి సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు, ఖర్చు కాస్త ఎక్కువవుతుందట. అక్కయ్య వాణ్ణి ఎగాదిగా చూసి, "జ్వరం నాకైతే పక్కింటావిడ నోట్లో థర్మామీటరు పెడతావుటయ్యా?" అంది. వాడు నవ్వేసి వెళ్లిపోయాడు.

ఓ మెకానిక్‌కి చూపిస్తే, సైలెన్సర్ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టరు పోయిందనీ, మార్చాలంటే ఇరవై వేల పైమాటేననీ అన్నాడు. నాకు మెకానిక్ విద్య రాదు. బ్యాంకులో పుస్తకాలు కలవనప్పుడు ముందు చిన్న పద్దులు సరిచూసుకుని, ఆ తర్వాతే పెద్ద అనుమానానికి వెళ్లమని మా పాత మేనేజరుగారు నేర్పారు. అదే పద్ధతి ఇక్కడ పెట్టాను.

మొదటి సంగతి: టెస్టు చేసేచోటు ఇంటికి అర కిలోమీటరు. ఇంజను వేడెక్కనే లేదు. కన్వర్టరు సుమారు 300 డిగ్రీలకి వస్తేగాని పని మొదలెట్టదు. కోలారు రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లి, తిరిగొచ్చి, ఇంజను ఆపకుండా మళ్లీ పెట్టించాం. హైడ్రోకార్బన్లు 430కి దిగాయి. అవి ఎక్కువుంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోందన్నమాట. స్పార్క్ ప్లగ్గుల్నో వాల్వుల్నో అనుమానించాలి. ఆ గండం గడిచింది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 1.1 దగ్గర కూచుంది. అదెక్కువుంటే గాలికి మించిన పెట్రోలు లోపలికి వెళ్తున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ విప్పితే దుమ్ముతో అట్టలా ఉంది. కొత్తది వేస్తే 0.9 అయింది. అక్కడితో ఆగింది.

అప్పుడు అక్కయ్య బావగారి డైరీ తెచ్చింది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు రాసుకునేవారాయన. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్క పద్దు వదల్లేదు. లీటరుకి పద్ధెనిమిది కిలోమీటర్లు ఇచ్చే బండి, చివరి నాలుగు పద్దుల్లో పదమూడుకి పడిపోయింది. "ఇక్కడేమైందక్కయ్యా?" అంటే, తిరుపతి ప్రయాణం అంది. తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి మరిగి ఆవిర్లు కక్కింది. దారిలో దొరికిన మెకానిక్ చీలిన రబ్బరు పైపు మార్చి, ఎందుకైనా మంచిదని లోపలినుంచి ఇంకేదో తీసి పారేశాడట. "అప్పట్నుంచీ వేడి చూపించే సూది పైకి లేవనే లేదురా. బండి చల్లగా ఉందని నేను సంతోషించాను."

ఆ తీసి పారేసింది థర్మోస్టాట్. ఇంజను సుమారు 80 డిగ్రీలు దాటేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న తలుపు అది. మన ఎండలకి దీనితో పనిలేదని చాలామంది మెకానిక్కులు తీసేస్తారు. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రాదు. ఇంకా చలిగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు అదనంగా పోస్తూనే ఉంటుంది. మైలేజీ పోతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, ఇంజను అరుగుతుంది. ఇన్ని జరుగుతున్నా ఆ కారులో ఎర్రలైటు ఒక్కటీ వెలగలేదు.

థర్మోస్టాట్‌కీ, కూలెంట్‌కీ, కూలీకీ కలిపి పదమూడువందలు అయింది. సూది సగానికి లేచి నిలబడింది. కార్బన్ మోనాక్సైడ్ 0.2, హైడ్రోకార్బన్లు 160. కన్వర్టరు నిక్షేపంలా ఉంది.

(2010 ఏప్రిల్‌లో స్టేజ్ 4 రాగానే బెంగళూరులో మారుతి 800 అమ్మకాలు ఆగిపోయాయి. అప్పుడు బావగారు, "రెండేళ్లు ఆలస్యం చేసుంటే మనకిది దక్కేది కాదు" అని అందరికీ చెప్పుకున్నారు.)

మేనల్లుడికి నేను ఫోన్ చేయబోతే అక్కయ్య వద్దంది. "వాడికి నేను చెప్తాలే. వచ్చే నెల నేనే తిరుపతి వెళ్తున్నాను, దారిలో పలమనేరునుంచి చేస్తాను" అని, డైరీ తీసి బావగారి గళ్లలోనే పదమూడువందలు రాసి, పక్కన సర్టిఫికెట్ గడువు తేదీ వేసుకుంది.

వీలునామా వచ్చే సంచికలో.