ఫారాలు నింపింది చాలు, ఇక ప్రశ్నలు మనం రాద్దాం



మన మీద రాసిన పుస్తకాలెన్ని, మన గూడేలకు తిరిగొచ్చినవెన్ని? ఒకసారి లెక్క వేయండి. మన పెళ్ళి మీద, మన చావు మీద, మన దేవర మీద, మన పోడు మీద, మన ఆడవాళ్ళ రక్తహీనత మీద, అన్నిటి మీదా థీసిస్‌లున్నాయి. రాసినవాళ్ళకు డాక్టరేట్లు వచ్చాయి, ప్రమోషన్లు వచ్చాయి. వాళ్ళను వాగు దాటించి, మాట తర్జుమా చేసి, రాత్రికి అన్నం పెట్టించిన మన పిల్లాడి పేరు ఎక్కడుంది? ముందుమాట చివర్లో "సహకరించిన స్థానిక యువకులకు కృతజ్ఞతలు" అన్న ఒక్క లైన్లో. చాలా వాటిల్లో అది కూడా లేదు.

హైమన్‌డార్ఫ్‌ను మనం మరిచిపోలేదు. 1940లలో ఆయన చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద పుస్తకాలు రాశాడు, మార్లవాయిలో బడి పెట్టించాడు, గోండు యువకులనే పంతుళ్ళుగా తయారు చేయించాడు. ఆయన మీద గౌరవం అలాగే ఉంది. కానీ ఎనభై ఏళ్ళు దాటిపోయాక కూడా మన గురించి చెప్పడానికి బయటి మనిషే రావాలా? ఇవాళ మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వేల మంది డిగ్రీ చదువుతున్నారు. పరిశోధన అనే పని వాళ్ళ చేతికి ఎందుకు ఇవ్వడం లేదు? ఈ వ్యాసం దాని గురించే.

2022 డిసెంబర్‌లో యూజీసీ నాలుగేళ్ళ డిగ్రీకి కొత్త చట్రం ప్రకటించింది. అందులో "ఆనర్స్ విత్ రీసెర్చ్" అని ఒక దారి ఉంది. నాలుగో ఏడు ఒక అధ్యాపకుడి దగ్గర 12 క్రెడిట్ల పరిశోధన చేయొచ్చు. వినడానికి బాగుంది. కానీ గేటు దగ్గరే కాపలా పెట్టారు: మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు రావాలి.

75 శాతం ఎవరికొస్తుంది? ఇంట్లో కోయ, గోండి, కొలామి, సవర మాట్లాడి, ఆశ్రమ పాఠశాలలో తెలుగు నేర్చుకుని, డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లీషు మీడియంలో పడ్డ పిల్లకు ఆ పరీక్ష మూడో భాషలో రాసే పరీక్ష. ఆ మార్కులు ఆ పిల్ల ఆలోచనను కొలుస్తున్నాయా, ఇంగ్లీషును కొలుస్తున్నాయా? పైగా ముందు మార్కులు తెచ్చుకో, తర్వాత పరిశోధన ఇస్తాం అనడమే తలకిందుల లెక్క. నీళ్ళలో దిగనివ్వకుండా ఈత వచ్చాక దిగమన్నట్టుంది. తన ఊరి సమస్య మీద పని చేసే పిల్లకు పాఠం ఎందుకో అర్థమవుతుంది. అర్థమైతే మార్కులూ వస్తాయి.

"చిన్న కాలేజీల్లో పరిశోధన ఏంటండీ, అది పెద్ద యూనివర్సిటీల పని" అంటారు. ఈ మాట తప్పని అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఎప్పుడో రుజువు చేశాయి. అక్కడ చాలా వాటిల్లో పీహెచ్‌డీ విద్యార్థులే ఉండరు. అందుకే ప్రొఫెసర్ పక్కన నిలబడి పని చేసేది డిగ్రీ పిల్లలే. వేసవిలో కొన్ని వారాలు అక్కడే ఉండి పని చేస్తారు, దానికి స్టైపెండ్ ఇస్తారు, పని బాగుంటే వ్యాసం మీద వాళ్ళ పేరూ పడుతుంది. అలాంటి కాలేజీల కెమిస్ట్రీ అధ్యాపకులే 1978లో డిగ్రీ స్థాయి పరిశోధన కోసం ఒక జాతీయ మండలి పెట్టుకున్నారు. కాలేజీ చిన్నది కావడమే వాళ్ళకు బలమైంది. మరి మన ఏజెన్సీ కాలేజీ చిన్నది కావడం ఎందుకు సాకు కావాలి?

ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. ఆ కాలేజీల్లో చాలా వాటి ఫీజులు వింటేనే గుండె ఆగుతుంది. కానీ ఒక కాలేజీ కథ మనకు పనికొస్తుంది. కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఉంది, ప్రభుత్వ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. అది మొదట సైనిక కోట. తర్వాత మూలవాసీ పిల్లలను భాషకు, ఇంటికి దూరం చేసిన బోర్డింగ్ స్కూల్. 1911లో ఆ స్థలం రాష్ట్రానికి అప్పగిస్తూ, మూలవాసీ విద్యార్థులకు ఫీజు లేకుండా చదువు చెప్పాలని షరతు పెట్టారు. అది ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ బోర్డింగ్ స్కూల్ చరిత్రను తియ్యగా చూపించే పలకలు క్యాంపస్‌లో ఏళ్ళ తరబడి ఉండేవి. 2021లో వాటిని తీసేశారు. ఎవరి చరిత్ర ఎవరు రాయాలన్న కొట్లాట మన ఒక్కరిదే కాదు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు, వాటితో పాటు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ కూడా పెట్టారు. ఊళ్ళోకి వెళ్ళు, సర్వే చెయ్యి, రిపోర్ట్ రాయి అని. ఆలోచన మంచిదే. జరుగుతున్నదేంటి? చాలా చోట్ల ప్రశ్నల ఫారం పైనుంచి వస్తుంది. మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, టీవీ ఉందా. పిల్లలు టిక్కులు పెడతారు. రిపోర్టేమో జిరాక్స్ సెంటర్‌లో పాతది తీసుకుని, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ప్రశ్న తనది కానప్పుడు జవాబు కోసం ఎవరు చెమటోడుస్తారు?

తన ప్రశ్న తాను వేసుకోలేని జాతికి ఏమవుతుందో భద్రాచలాన్ని అడగండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ అధ్యయనంలో భాగంగా 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, హెచ్‌పీవీ టీకాలు వేశారు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న మన పిల్లలు. అమ్మానాన్న సంతకం పెట్టాల్సిన చోట వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. టీకాలను వ్యతిరేకించమని నేను చెప్పడం లేదు. చనిపోయిన పిల్లల విషయంలో టీకాకు సంబంధం ఉన్నట్టు కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది కూడా. కానీ అనుమతి అడగకపోవడం మాత్రం నిజం. అప్పుడు ఆ మండలాల్లో అనుమతి పత్రం అంటే ఏంటో, పరిశోధన అంటే ఏంటో నేర్చుకున్న డిగ్రీ పిల్లలు గూడేనికి ఇద్దరున్నా, "ఇది మామూలు టీకా కార్యక్రమమా, అధ్యయనమా? అమ్మానాన్నను అడిగారా?" అని నిలదీసేవాళ్ళు.

ఇంకో మాట. పరిశోధన మనకు చట్టంలో సాక్ష్యం. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వ నియమం తీసి చదవండి. పెద్దమనుషుల వాంగ్మూలం రాతపూర్వకంగా ఉంటే సాక్ష్యం. పాత ఇంటి ఆనవాళ్ళు, బావి, శ్మశానం, దేవుడి స్థలం సాక్ష్యం. వంశవృక్షం సాక్ష్యం. పేరున్న సంస్థలు చేసిన పరిశోధన, ఆచారాల నమోదు కూడా సాక్ష్యం. ఒకటి కాదు, ఒకటికి మించి చూపించాలి. 2005 డిసెంబర్ 13కు ముందు ఆ భూమి మీద ఎవరున్నారో చెప్పగల ముసలవ్వలు, తాతలు ఏటేటా వెళ్ళిపోతున్నారు. వాళ్ళ మాట రాసుకోవడం డిగ్రీ పిల్లలకు చేతకాని పనా? హిస్టరీ చదివే పిల్ల ఆ వాంగ్మూలాలు రాయొచ్చు. బాటనీ పిల్లాడు ఊరి అడవిలో ఇప్ప, తునికి, కరక్కాయ ఎక్కడెక్కడ ఏరుకుంటారో పటం గీయొచ్చు. ఎకనామిక్స్ పిల్ల సంతలో దళారి ఇచ్చిన రేటు, జీసీసీ రేటు పక్కపక్కన రాసి చూపించొచ్చు. ఇవి మన పట్టాకు, మన కూలికి, మన కడుపుకు సంబంధించిన పరిశోధనలు.

"మీవాళ్ళు పుట్టుకతోనే శాస్త్రవేత్తలు, అడవే మీ ప్రయోగశాల" అని వేదికల మీద పొగిడేవాళ్ళకూ ఒక దండం. ఆ పొగడ్త మాకొద్దు. పరిశోధన నేర్చుకోవాల్సిన పని. ప్రశ్న వేయడం, లెక్క తప్పకుండా రాయడం, మనకు నచ్చని జవాబొచ్చినా దాచకపోవడం, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. మేం అడుగుతున్నది ఆ నేర్పే మనిషిని.

అందుకని సూటిగా అడుగుదాం.

ఒకటి, ఏజెన్సీలోని ప్రతి డిగ్రీ కాలేజీలో, గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీల్లో, రెండో ఏడు నుంచే పరిశోధన అవకాశం ఉండాలి. దానికి 75 శాతం గేటు ఉండకూడదు.

రెండు, స్టైపెండ్ ఇవ్వాలి. వేసవిలో మన పిల్లలు మిర్చి కోతకు, ఉపాధి పనికి పోతారు. ఆ కూలి పోగొట్టుకుని పరిశోధన చేయమంటే అది ఉన్నోళ్ళ పిల్లలకే మిగులుతుంది.

మూడు, రిపోర్టు మాతృభాషలోనూ రాయనివ్వాలి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. కంప్యూటర్‌కు లేని అభ్యంతరం కాలేజీకి ఎందుకు?

నాలుగు, బయటివాళ్ళు చేసినా మన పిల్లలు చేసినా, ముందు గ్రామసభ అనుమతి తీసుకోవాలి. అయ్యాక రిపోర్టు ఊళ్ళో చదివి వినిపించాలి, ఒక కాపీ ఊళ్ళోనే ఉండాలి. మనవాడే కదా అని ఈ నియమం సడలించొద్దు.

ఐదు, పని చేసినవాడి పేరు రచయితల్లో ఉండాలి. కృతజ్ఞతల లైన్లో కాదు.

ములుగులో సమ్మక్క సారక్క యూనివర్సిటీ వచ్చింది, విజయనగరంలో ఇంకో గిరిజన యూనివర్సిటీ ఉంది. బోర్డు మీద మన పేరుంటే సరిపోదు. చుట్టుపక్కల చిన్న కాలేజీల పిల్లలకు గైడ్లనిచ్చి, లైబ్రరీ తెరిచి, ల్యాబ్ చూపించే బాధ్యత వాటిదే. ఈ మాట ఐటీడీఏ గ్రీవెన్స్‌లో రాసివ్వండి, ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి, గ్రామసభ తీర్మానం చేసి జత చేయండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వాళ్ళు ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు ఒక పెద్దాయన దగ్గర కూర్చోండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే రాయండి. తేదీ వేయండి, పేరు రాయండి, రాసింది ఆయనకు చదివి వినిపించండి, తప్పుంటే దిద్దండి. రేపు సర్వేయర్ గొలుసు పట్టుకుని వచ్చినప్పుడు ఆ కాగితం మన చేతిలో ఉండాలి.

మావ నాటే మావ రాజ్ అన్నాం. ఊరి మీద హక్కు మనదైతే, ఊరి గురించి రాసే హక్కూ మనదే.

జై ఆదివాసీ.