‘ఒబ్లైజ్’ అను మాట

మన పాఠశాలలో సెలవుచీటి వ్రాయనెరుగని విద్యార్థి లేడు. జ్వరమో, తలనొప్పియో, అక్కగారి పెండ్లియో, కారణమేదియైనను చీటి తుద మాత్రము ఒక్కటే: ‘కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ అండ్ ఒబ్లైజ్’. ఆ తుదిమాటకు అర్థమేమని మేమొకనాడు పదియవ తరగతివారిని ప్రశ్నించితిమి. కొందరు ‘కృతజ్ఞత’ అనిరి. పలువురు మిన్నకుండిరి. ఒకడు లేచి, “అది సంతకమునకు ముందు వ్రాయవలసిన మాటండీ” అనెను. తరగతియంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. కాని కొలది దినములలోనే అది నవ్వి విడువదగిన సంగతి కాదని మాకు తెలియవచ్చెను.

మన కోనసీమనుండి కువైటు, దుబాయి, మస్కటు మున్నగు చోట్లకు పనికై పోవువారు ఎందరో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. వీధికొక యిల్లైనను అట్టిది యుండును. అట్లు పోవువారి యొడంబడిక పత్రములు తరచుగా అరబ్బీ, ఇంగ్లీషు భాషలలో నుండును. అట్టి పత్రమునొకదానిని మా విద్యార్థి యొకడు తన తండ్రికి చదివి చెప్పెను. అందులో, రెండేండ్లు నిండకమునుపు పని విడిచినచో పనివాడు ప్రయాణపు ఖర్చు తిరిగి చెల్లించుటకు ‘ఒబ్లైజ్డ్’ అని యున్నది. బాలుడు తాను నేర్చిన అర్థమునే అన్వయించి, “ఖర్చు తిరిగి వచ్చునట, అందుకు మీరు కృతజ్ఞులై యుండవలెనట, నాన్నా” అని చెప్పెను. చెల్లించువాడు పుచ్చుకొనువాడయ్యెను! ఆ తండ్రి సంతకమునకు ముందు ఆ కాగితము మాకు చూపుట మేలయ్యెను. ఆయన నిజమెరిగి, ఇంటివారితో ఆలోచించుకొని, పిమ్మట సంతకము చేసి పోయెను. తెలిసి పోవుట వేరు, తెలియక పోవుట వేరు గదా!

ఆ తప్పు బాలునిది కాదని మా అభిప్రాయము. అతని గైడుపుస్తకములో ఆ మాట కెదురుగ ‘కృతజ్ఞుడైన’ అని యొక్క మాటయే యున్నది. దానినే అతడు వల్లించెను. దానికే మేము మార్కులు వేసితిమి.

ఈ మాట పుట్టుక లాటిను భాషలోనిది. ‘లిగారె’ యనగా కట్టుట. ఎముకను ఎముకతో కట్టియుంచు నరమువంటి దానికి జీవశాస్త్రములో ‘లిగమెంట్’ అను పేరు వచ్చినదియు దానినుండియే. కావున ‘ఒబ్లైజ్’ అనగా మూలార్థము కట్టివేయుట. ఆ కట్టు మూడు విధములుగ నుండును.

మొదటిది నిర్బంధము. చట్టమో, ఒడంబడికయో, అవసరమో మనలను కట్టును. ‘ఐ యామ్ ఒబ్లైజ్డ్ టు పే ది ఫైన్’ అనగా జరిమానా చెల్లింపక తప్పదు అని. రెండవది కృతజ్ఞత. ఒకరు చేసిన మేలు మనలను కట్టును. ‘ఐ యామ్ ఒబ్లైజ్డ్ టు మై టీచర్’ అనగా మా గురువుగారికి ఋణపడియున్నాను అని. మూడవది ఉపకారము. మేలు చేయుమని యొకరి నడుగునపుడు ఈ మాట వాడుదురు. సెలవుచీటిలోని ‘ఒబ్లైజ్’ ఇదియే: సెలవిచ్చి నన్ను ఉపకృతుని చేయుడు అని దాని భావము. పూర్వము ఇంగ్లండులోని వర్తకులును తమ లేఖలను ఈ మాటతోనే ముగించుచుండిరి. మన సెలవుచీటి ఆ పాత మర్యాదను నేటికిని నిలుపుకొన్నది.

మొదటి రెంటికిని గల భేదము నెరుగుటకు సులభమైన గురుతొకటి కలదు. ‘ఒబ్లైజ్డ్ టు’ అనినపిమ్మట క్రియ వచ్చినచో నిర్బంధము. మనిషి వచ్చినచో కృతజ్ఞత. ఈ యొక్క గురుతు తెలిసియుండిన ఆ బాలుడు ‘టు’ తరువాత చెల్లించుట అను క్రియ యున్నదని చూచి, తండ్రికి సరిగా చెప్పియుండును.

కొందరు తలిదండ్రులు మాతో, “అయ్యా, మా పిల్లలకు తెలుగు తగ్గించుడు, ఇంగ్లీషు దానంతట అదే వచ్చును” అని చెప్పుచుందురు. వారి యాతురత మాకు తెలియును. పిల్లల బ్రదుకు బాగుపడవలెననియే వారి కోరిక. కాని ఈ విషయమున వారితో ఏకీభవింపజాలము. ఈ మాటనే చూడుడు. దీని తాళపుచెవి మన తెలుగులోనే యున్నది. ‘కట్టు’ అను చిన్న ధాతువునుండి కట్టడి, కట్టుబాటు పుట్టినవి; అవి నిర్బంధములు. ‘మాటకు కట్టుబడితిని’ అనుట మనసార నొప్పుకొన్న బంధము. ‘మీకు ఋణపడియున్నాను’ అని మన పెద్దలు చేతులు జోడించునపుడు, మేలును అప్పుగా నెంచుచున్నారు. పోర్చుగీసువారు ధన్యవాదము చెప్పుటకు వాడు ‘ఒబ్రిగాదు’ అను మాటయు ఈ లాటిను మూలమునుండియే వచ్చినది. మేలు మనిషిని కట్టునను భావము ఒక్క దేశమువారిది కాదు. కట్టడికిని కట్టుబడుటకును భేదమెరిగిన తెలుగు బాలునికి ‘ఒబ్లైజ్’ ఒక గడియలో తెలియును. ఆ భేదమెరుగనివానికి గైడులెన్ని కొనియిచ్చినను తెలియదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర మన గోదావరి తీరమున రాజమహేంద్రవరములోను, మచిలీపట్నములోను కొలువు చేసెను. తెలుగు ఆయనకు పరభాష. అయినను 1852వ సంవత్సరమున ఆయన ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నేటికిని పండితుల చేతులలో నున్నది. అందు మాటకెదురుగ అర్థము మాత్రమే గాక, కవుల ప్రయోగములును, వాడుకలోని వాక్యములును గానవచ్చును. పరభాష నేర్చువానికి మాట యొంటిగా నిలువదనియు, వాక్యములోనే బ్రదుకుననియు ఆయన యెరుగును. ఆయన మన భాషను నేర్చిన త్రోవనే మనమును వారి భాషను ఏల నేర్వరాదు?

కావున మా మనవి మూడు మాటలు. విద్యార్థులారా, క్రొత్తమాట నేర్చినపుడు దాని ప్రక్కన ఒక్క అర్థము వ్రాసి పుస్తకము మూయకుడు. రెండు వాక్యములైనను వ్రాయుడు, అర్థము మారినచోట మరియొకటి వ్రాయుడు. తలిదండ్రులారా, ఇంగ్లీషు కాగితముపై సంతకము చేయుటకు ముందు ఇరువురిచేత చదివించుకొనుడు. పిల్లవాడు చదివినది పెద్దవారొకరు సరిచూచుట పిల్లవానికి అవమానము గాదు. ఉపాధ్యాయ సోదరులారా, పరీక్షలలో ఒంటిమాట కర్థమడుగుట తగ్గించి, వాక్యములోని మాట కర్థమడుగుదము. మార్కులెక్కడ నుండునో పిల్లల చదువు అక్కడికే పోవును.

ఈ మనవిని పాటించువారికి మేము మిక్కిలి ‘ఒబ్లైజ్డ్’. ఇది ఆ మూడింటిలో ఏ కట్టో విద్యార్థులు తామే చెప్పుదురుగాక.