ఇంటిబండి: పాతకారు డిక్కీకి రిమోటు అమరిక

క్రిందటి సంచికలో కారు బ్యాటరీని గూర్చి ముచ్చటించియుంటిమి. ఈ మాసమున ఆ బ్యాటరీతోనే పనిచేయు మఱియొక చిన్న యమరికను గూర్చి చెప్పుదుము. క్రొత్తకార్లు గల యిండ్లలో తాళపుచెవిమీది బొత్తాము నొక్కినంతనే వెనుక డిక్కీ తెఱచుకొనుచున్నది. పదునైదు, ఇరువది యేండ్లనాటి కారు గల యిల్లాలికి ఆ సౌకర్యము లేదు. ఒకచేత కూరగాయల సంచి, చంకను బిడ్డ, నెత్తిన వానచినుకులు. తాళపుచెవిని రంధ్రములో పెట్టి త్రిప్పుటకు మూడవచేయి కావలెను. ఈ శ్రమను తగ్గించుకొనవలెనను కోరిక విలాసము కాదు. కారు విడిభాగములమ్ము దుకాణములలో దీనికి వలయు సరకులన్నియు దొరకును. అనుభవముగల ఆటో ఎలక్ట్రీషియను ఒకపూటలో అమర్చగలడు. కాని అమర్చువారు తాముగా చెప్పని సంగతులు కొన్ని కలవు. వానిలో ఒకటి బిడ్డల ప్రాణములకు సంబంధించినది.

మొదట మీ బండి డిక్కీ యెట్లు తెఱచుకొనునో చూచుకొనవలెను. కొన్ని పాత అంబాసిడర్లవలె బయటి పిడిని చేతితో త్రిప్పి తెఱచు బండ్లకు ఈ యమరిక సులువుగా కుదురదు. ఇందులోని యంత్రమునకు లాగుటయేగాని త్రిప్పుట చేతకాదు. తాళమునంతయు మార్చినగాని పని జరుగదు. దానికి రేకు కోయవలసివచ్చును. అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయినది గనుక, ఉన్న బండి రేకును కోయించుటకు మేము సమ్మతింపము. తరువాతి కాలపు సెడాను బండ్లలో పెక్కింటికి డ్రైవరు సీటుప్రక్కను నేలమీద ఒక మీట యుండును. దానిని లాగినచో గొట్టములోని ఉక్కుతీగ వెనుకనున్న కొక్కెమును లాగి విడిపించును. ఇట్టి బండికి అమరిక మిక్కిలి సులభము, ఏలయన లాగెడు మార్గము ముందే సిద్ధముగా నున్నది.

లాగుటకు రెండు విధముల యంత్రములు కలవు. మొదటిది సోలినాయిడు. రాగితీగ చుట్టిన గొట్టము, దానినడుమ ఇనుపకడ్డీ. కరెంటు పారినపుడు చుట్ట అయస్కాంతమై కడ్డీని లోనికి గుంజుకొనును; కరెంటు ఆగినంతనే స్ప్రింగు దానిని మరల వెలుపలికి త్రోయును. రెండవది కారు తలుపుల తాళములకు వాడు చిన్నమోటారు. దీనిని బజారులో ఆక్చ్యుయేటరందురు. లోపల పండ్లచక్రములుండును. ఇది తక్కువ కరెంటుతో పనిచేయును గాని దీని బలమును తక్కువయే. మీ బండికి ఏది చాలునో తెలిసికొనుటకు వంటింటి యుపాయ మొకటి కలదు. కొక్కి యుండి సామానులు తూచు స్ప్రింగుత్రాసును డిక్కీ కొక్కెపుమీటకు తగిలించి మెల్లగా లాగుడు. ఎన్ని కిలోల లాగుడుకు కొక్కెము విడునో ముల్లు చూపును. అంతకు ఒకటిన్నర రెట్లు బలముగల యంత్రమును కొనవలెను. అయితే ఈ తూకమునకు ముందే కొక్కెమును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, క్రొత్త గ్రీసు పెట్టుడు. ఏండ్లతరబడి పేరుకొన్న దుమ్మును జిడ్డును పోయినపిదప చిన్నయంత్రమే చాలినను చాలవచ్చును.

కొక్కెము విడుట యొకటి, తలుపు లేచుట మఱియొకటి. కొక్కెము టిక్కుమని విడియు తలుపు కదలకున్నచో, యంత్రము వదలినంతనే కొక్కెము మరల పట్టుకొనును. అప్పుడు రిమోటు చెడినదని దుకాణదారుతో తగవుపడుట వ్యర్థము. తలుపు అంచుక్రింది రబ్బరు బొడిపెలను కొంచెము పైకి త్రిప్పినను, త్రోపుడు స్ప్రింగొకటి అమర్చినను రెండు వ్రేళ్ల యెత్తు లేచును. అది చాలును. మిగిలిన యెత్తు మోచేతితో నెత్తుకొనవచ్చును.

ఇక తీగలు. రిమోటు సంకేతమును గ్రహించు పెట్టెనుండి వచ్చు కరెంటు స్వల్పము. పెద్ద సోలినాయిడు లాగునపుడు 10 ఆంపియర్లకు పైబడి త్రాగును. ఈ భారమును ఆ పెట్టె మోయలేదు; అందుచేత నడుమ రిలే యను భాగమును పెట్టుదురు. ఇది ద్వారపాలకునివంటిది: చిన్నకరెంటు ఆజ్ఞ యిచ్చును, పెద్దకరెంటు తలుపు తెఱచుకొని పోవును. రిలే కాళ్లపై అంకెలు అచ్చువేసియుండును. 30 అను కాలికి బ్యాటరీనుండి వచ్చు తీగ, 87కు సోలినాయిడునకు పోవు తీగ, 85, 86లకు రిమోటు పెట్టె తీగయు ఇంజనుతాళము తీగయు ఏర్పాటును బట్టి తగిలింపబడును. ఇవి మీరు చేయవలసిన పనులు కావు. చేయువాని ప్రక్కన నిలిచి చూచుటకు ఈ మాత్రము తెలిసినచో మేలు.

నిలిచి చూడవలసినది ముఖ్యముగా ఫ్యూజు. ఇది బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలెనుగాని వెనుక డిక్కీలో నుండరాదు. బ్యాటరీ ముందు, డిక్కీ వెనుక; తీగ బండి పొడవంతయు కార్పెటు క్రిందుగా పోవును. దారిలో రేకు అంచునకు ఒరసికొని పైతొడుగు తెగెనా, తీగ నేరుగా బండి శరీరమును తాకును. ఫ్యూజు బ్యాటరీచెంత నున్నచో అది కరగి కరెంటు నాపును. వెనుకనున్నచో దానికి సంగతియే తెలియదు. తీగ యెఱ్ఱగా కాలి కార్పెటు నంటుకొనును. 12 వోల్టులు మనుష్యులకు షాకు కొట్టవు గాని నిప్పు పుట్టించుటకు ఇవియే చాలును. తీగ రేకును దాటు ప్రతి రంధ్రమునకును రబ్బరు వలయము వేయించుడు. రంగు గోకి, మెఱయు ఇనుమునకే ఎర్తుతీగను బిగింపుమనుడు. రంగుపై బిగించిన యెర్తు నేడు పనిచేసి, వానకాలమున మానును.

నడచు బండికి డిక్కీ తెఱచుకొనుట ప్రమాదము. లేచిన తలుపు వెనుకచూపు అద్దమును కప్పివేయును, సామాను దారిపై పడును. తాళపుగుత్తితో పాటు సంచిలోనున్న రిమోటు బొత్తాము దానంతటదియే నొక్కుకొనుట అరుదేమియు కాదు. దీనికి విఱుగుడు ఐదు కాళ్ల రిలే. ఇంజనుతాళము త్రిప్పియున్నంతసేపు సోలినాయిడునకు కరెంటు పోకుండ ఇది అడ్డుకొనును. అట్లైన ఇంజను నడచుచుండగా డిక్కీ తెఱువలేము గదా యని కొందఱు మగవారు గొణుగుదురు. గొణుగనిండు.

మఱి రెండు చిన్న సంగతులు. ఒకసారి నొక్కినచో కరెంటు అర సెకనో, సెకనో పారి తనంతట ఆగునట్లుండవలెను. నొక్కిపట్టినంతసేపు పారినచో చుట్ట మాడిపోవును. రిమోటును కొనునపుడు ప్రతి నొక్కుడుకును సంకేతము మారునట్టి దానినే యడుగుడు. ఎల్లపుడు ఒకే సంకేతమును పంపు చౌకరిమోటును దొంగ తన పరికరముతో పట్టి మరల పలికింపగలడు. గ్రహించు పెట్టె రాత్రింబవళ్లు మేలుకొనియే యుండును గనుక బ్యాటరీని కొంచెము త్రాగుచుండును. 10 మిల్లీఆంపియర్లు త్రాగు పెట్టె నెలకు 7 ఆంపియరు గంటలను ఖర్చుచేయును. చిన్నకారు బ్యాటరీ 35 ఆంపియరు గంటలదైనచో అది అయిదవవంతు. వేసవికి పుట్టింటికిపోయి రెండునెలలు బండిని కదల్పనివారు ఈ ఫ్యూజును తీసి పోవుట మంచిది.

బ్యాటరీ పడిపోయిన దినమున రిమోటు పనిచేయదు. కావున డిక్కీ తాళపురంధ్రమును అందముకొఱకు మూయించివేయుట, సీటుప్రక్క మీటను ఊడదీయించుట తగవు. క్రొత్త యంత్రము పాతమార్గమునకు తోడు కావలెను. తాళపుచెవితో తెఱచుట మానినచో రంధ్రము తుప్పుపట్టి బిగిసిపోవును. నెల కొకసారి చెవిని త్రిప్పుచుండవలెను.

ఇప్పుడు మేము మొదట చెప్పిన ముఖ్యవిషయము. తాళపుచెవి త్రిప్పుట నాలుగేండ్ల బిడ్డకు కష్టము. బొత్తాము నొక్కుట ఆట. అనగా ఈ యమరికచేత మనకు మాత్రమే గాక, మన బిడ్డలకును డిక్కీ సులభమైనది. దాగుడుమూతలాడు పిల్లలకు అంతకంటె మంచిచోటు కనబడదు. లోని కెక్కి తలుపు లాగికొన్నచో కొక్కెము తనంతట పడును. రిమోటు వెలుపల నేలపై నుండును. ఒకవేళ బిడ్డచేతిలోనే యున్నను, ఆ చీకటిలో, భయములో, బ్యాటరీమీద ఆధారపడిన బొత్తామును నమ్ముకొనుట యెట్లు?

ఇది ఊహించి చెప్పుట కాదు. అమెరికాలో 1998 వేసవిని మూడువారములలోపల మూడు వేర్వేఱు చోట్ల పదునొకండుగురు బిడ్డలు కారు డిక్కీలలో చిక్కి మరణించిరి. అంతకు మూడేండ్లకు ముందు, 1995లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెనెల్ అను మహిళను ఆమె భర్తతోగూడ దొంగలు వారి కారు డిక్కీలోనే బంధించి కొనిపోయిరి. ఆమె చీకటిలో లోపలి పొరలను చించి, తడవి తడవి, కొక్కెమునకు పోవు ఉక్కుతీగను కనుగొనినది. దానిని లాగి బయటపడిరి. ప్రతికారు డిక్కీకిని లోపల పిడి యుండవలెనని ఆమె ఆనాటినుండి ఉద్యమము సాగించినది. తుదకు 2001 సెప్టెంబరు 1వ తేదీనుండి ఆ దేశమున క్రొత్తగా తయారగు డిక్కీగల కారులన్నింటికిని లోపలినుండి తెఱచు సాధనము విధిగా నుండవలెనను నియమము అమలులోనికి వచ్చినది. మనచెంతను దుఃఖము తక్కువ కాదు. 2025 మే మాసమున విజయనగరము సమీపమున ద్వారపూడి గ్రామములో, ఆడుకొనుచు ఆగియున్న కారులోని కెక్కిన నలుగురు బిడ్డలు తలుపులు పడిపోయి ఊపిరాడక మరణించిరి. అది డిక్కీ కాదు, మనుష్యులు కూర్చుండు భాగమే. అద్దములుగల చోటనే అట్లైనపుడు, కిటికీయే లేని డిక్కీ మాట చెప్పనేల?

కావున సోలినాయిడు అమర్చు దినముననే, ఆ ఎలక్ట్రీషియను చేతనే, డిక్కీలోపలి పిడి యొకటి పెట్టింపుడు. ఖర్చు దాదాపు లేదు. కొక్కెపుమీటకే గట్టి నైలాను త్రాడు కట్టి, చివర చిన్నచేతికి పట్టు దొరకునంత ఉంగరమో, పిడియో తగిలింపవలెను. కరెంటుతో దీనికి నిమిత్తముండరాదు. పిడికి చీకటిలో వెలుగు రంగు పూయుడు. ఈ రంగు వెలుతురును త్రాగి, చీకటిలో కొంతసేపు దానిని వెలార్చును. త్రాడు సామానులకు చిక్కుకొనకుండ తలుపుయొక్క లోపలివైపుననే వ్రేలాడవలెను. ఏ దిక్కునకు లాగినను కొక్కెము విడవలెను. పెట్టించిన తరువాత బిడ్డలను పిలిచి, తలుపు తెఱచియుండగా చూపి, చేతితో లాగించుడు. డిక్కీ ఆటచోటు కాదని చెప్పుట వేఱు, చిక్కినచో ఏమి చేయవలెనో చెప్పుట వేఱు. మొదటిది చెప్పి రెండవది దాచరాదు.

డిక్కీలో గ్యాసు సిలిండరు గల బండ్ల మాట వేఱు. పెట్రోలు ఖర్చు తగ్గునని చాలమంది పాతకార్లకు ఈ సిలిండర్లు పెట్టించియున్నారు. మోటారులోను, రిలేలోను కరెంటు తెగునపుడు చిన్నరవ్వ పుట్టును. గ్యాసు ఏమాత్రము కారియున్నను ఆ రవ్వ చాలును. అట్టివారు సీటుప్రక్క మీటతోనే తృప్తిపడవలెను. లోపలిపిడి మాత్రము వారికిని తగినదే.

పని ముగిసినదని ఎలక్ట్రీషియను చేతులు తుడుచుకొనునపుడు, సొమ్ము చెల్లించుటకు ముందు నాలుగు పరీక్షలు చేయుడు. ఇరువదిసార్లు రిమోటుతో తెఱచి మూయుడు. ఇంజను నడచుచుండగా నొక్కి చూడుడు; తెఱచుకొనరాదు. ఫ్యూజు తీసివేసి తాళపుచెవితో తెఱువుడు. పిమ్మట తలుపు పైకెత్తియుండగానే స్క్రూడ్రైవరుతో కొక్కెమును మూసి, లోపలి పిడిని లాగుడు, కొక్కెము విడవలెను. ఈ తుదిపరీక్షకు ఎవ్వరును లోన కెక్కనక్కఱలేదు.

రిమోటును బిడ్డలకందని యెత్తున మేకునకు వ్రేలాడదీయుడు. రెండవరిమోటును బీరువాలో పెట్టునపుడు దానిలోని గుండ్రసెల్లును తీసి వేఱుగా దాచుడు. బిడ్డ యట్టి సెల్లును మ్రింగినచో రెండుగంటలలోనే అన్నవాహికను కాల్చును గనుక, సందేహము తోచినను క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.